రాణి ముర్రుపాలు

ఫిబ్రవరి 7

రాణి పొదుగు నిండుతోంది. నిన్నటిదాకా చెయ్యి వేస్తే వెనకకాలు లేపేది, ఈరోజు ఊరుకుంది. మాబుసాబు వంగి చూసి తల ఊపాడు. ప్రొద్దుటూరులో జట్కాలు తిరిగినన్నాళ్ళూ జట్కా తోలి, అవి పోయాక మా తోటకొచ్చి చేరినవాడు. ఆయన తల ఊపితే నాకు సగం ధైర్యం.

"దగ్గరికొచ్చిందమ్మా. కానీ ఆడగుర్రానికి సిగ్గు శానా. మనం జూస్తాంటే ఈనదు. కండ్లు పక్కకు తిప్పితిమా... అయిపాయ."

రెండో గుర్రం చుక్కకు ఇంకా టైముంది. అది తిండి తప్ప వేరే ఆలోచన పెట్టుకోలేదు. దాని ఉలవలు అయ్యాక రాణి తొట్టిలోకి మూతి చాస్తుంది. కడుపుతో ఉన్నామన్న గంభీరం ఒక్క పిసరు లేదు.

ఫిబ్రవరి 9

అన్నం దగ్గర ఈయన అన్నారు, తల ఎత్తకుండా: "ఈతూరి గూడా పిల్ల నిలబడకపోతే రెండిట్నీ ఎవరికన్నా ఇచ్చేస్తా. నావల్ల గాదు."

పోయినేడు రాణి పిల్ల చచ్చి పుట్టింది. అసలు గుర్రాల పిచ్చి ఈయనది. బత్తాయిలు కాసే చీనీతోట మధ్యలో గుర్రాలేంటని నవ్వినదాన్ని నేను. ఆ పొద్దు పిల్లను గట్టున పూడ్చి వచ్చి, స్నానాలగదిలో నీళ్ళు వదిలిపెట్టుకుని ఏడ్చారు. మాకు వినబడలేదనుకున్నారు. అప్పటినుంచి కొట్టం వైపు రావడం తక్కువ. గుర్రాలు నావయ్యాయి.

ఇచ్చేస్తారట! నన్ను దాటి తోలుకుపోవాలి కదా. చూద్దాం.

ఫిబ్రవరి 12

అత్త కొట్టంలోకి వచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని రాణి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. ఇన్నేళ్ళుగా మా గేదెల కొట్టంలో ఏ ఎనుము ఈనినా ఆమె చేతి మీదే. ఊళ్ళోవాళ్ళు కూడా దూడ అడ్డం తిరిగిందంటే ఆమె కోసమే పరిగెత్తుకొస్తారు.

"దీనికింత హంగామా యాలమ్మే? గుర్రమైతేనేమి, ఎనుమైతేనేమి. కడుపు కడుపే."

"అత్తా, ఇది మహారాణి. నీ ఎనుము మాదిరి ఈనుతాదా?"

"ఈనేటప్పుడు అందరూ ఎనుములేలే."

ఇద్దరం నవ్వుకున్నాం. రాణికి మా మాటలు నచ్చలేదు, తోక విసిరింది.

ఫిబ్రవరి 15

శివరాత్రి. ఊరంతా ఒక్కరోజు జాగారానికే కళ్ళు నలుపుకుంటున్నారు. ఈ నెలంతా నాకు రోజూ శివరాత్రే... ఉపవాసం ఒక్కటే తక్కువ.

ఫిబ్రవరి 18

రాణి పడుకోదు. నిలబడి కాళ్ళు మారుస్తుంటుంది. లూసర్న్ గడ్డి పెడితే వాసన చూసి వదిలేసింది. పులివెందుల డాక్టరుకు ఫోన్ చేస్తే, చన్నుల కొనల మీద మైనం మాదిరి చుక్కలు కడతాయి, అది చూస్తే ఇక కదలొద్దన్నాడు. రోజుకు ఎన్నిసార్లు వంగి చూస్తున్నానో. నా నడుం పోతుంది, మైనం రాదు.

ఎల్లుండి ప్రొద్దుటూరులో చెల్లెలి గృహప్రవేశం. పోకుంటే జన్మంతా ఎత్తిపొడుస్తుంది. పోతే నా ప్రాణం ఇక్కడే.

ఫిబ్రవరి 20

వరుసగా రాస్తాను.

పొద్దున చూశాను. మైనం లేదు. సరే, ఇంకా టైముందిలే అని ఈయనా నేనూ ప్రొద్దుటూరు పోయాం. మాబుసాబుకు రంజాన్ ఉపవాసం, పైగా శుక్రవారం. నమాజుకు లింగాల పోయి వస్తానన్నాడు. ఆ కాసేపు అత్త చూసుకుంటానంది. ఇన్ని రాత్రులు కాపలా కాస్తే ఈనని రాణి, ముగ్గురం తోట దాటాక, పట్టపగలు, సూర్యుడు నడినెత్తిన ఉండగా ఈనింది.

నేను పంక్తిలో కూర్చుని ఉన్నాను. ఆకులో ఓళిగ వేశారు. ఫోన్. అత్త గొంతు ఇల్లంతా వినబడేలా.

"మే! ఈనింది! ఆడపిల్ల! లేసి నిలబడింది గూడా!"

నేను విస్తరి ముందే లేచి నిలబడ్డాను. "తాగిందా అత్తా?"

"ఇంగా తాపలా. మాయ పడలా గదా. పిల్లను గుంజకు కట్టేసినా. ముర్రుపాలంతా పిండి, తొక్కుడు పడకుండా చీనీచెట్టు మొదట్లో పోసినా. మాయ పడినంక తాపుదాంలే."

ఎనుములకు ఇన్నాళ్ళూ ఆమె చేసింది అదే. మాయ పడేదాకా దూడను తల్లి దగ్గరికి వదలరు. ముందే తాగితే మాయ లోపలే నిలిచిపోతుందని మా వైపు గట్టి నమ్మకం. మొదటి పాలు దూడకు అరగవు, పారుకుంటుందని పిండేస్తారు. నేను పెళ్ళై వచ్చినప్పటి నుంచి చూస్తున్నదే. గుర్రానికి అలా చేయొద్దని అత్తకు చెప్పాలని నాకు తట్టనే లేదు. ఆమె చేయి అంత నమ్మకమైనది మరి.

నోటికొచ్చింది అనేశాను. "నువ్వు చంపేస్తివి అత్తా పిల్లను!"

పంక్తిలోంచి బయటికొస్తూ మళ్ళీ అరిచాను.

"తాడిప్పు. ఇప్పుడే ఇప్పు. పొదుగులో ఏముంటే అది తాగనీ!"

డాక్టరుకు చేశాను. గుర్రప్పిల్ల కడుపులో ఉండగా తల్లి నుంచి దానికి రోగాలను తట్టుకునే శక్తి రాదట. అంతా ముర్రుపాలలోనేనట. అది కూడా పుట్టిన కొద్ది గంటల్లోపే ఒంటికి పడుతుంది, పొద్దు దాటితే కడివెడు తాపినా వట్టిదే. "యాడనన్నా ఇప్పుడే ఈనిన గుర్రం పాలు పుట్టించండమ్మా. జమ్మలమడుగులో ఓబులేసు గుర్రం ఈ తెల్లారే ఈనిందని ఫోన్ చేసినాడు. ప్రొద్దుటూరులోనే ఉన్నారు గదా, అట్ల పోండి."

పాలకు గిన్నె కావాలి. కళ్ళెదురుగా మేం కానుకగా తెచ్చిన స్టీలు క్యాను, మూత మీద పసుపూ కుంకుమతో సహా. ఎత్తుకున్నాను.

"అక్కా, పెట్టిన కానుక ఎవరన్నా ఎత్తుకపోతారా?" చెల్లెలు నోరు తెరిచింది.

"ఇంగోటి తెస్తాలే." అప్పటికే వాకిట్లో ఉన్నాను.

ఈయన జీపు తోలారు. గేరు మార్చినప్పుడల్లా దవడ బిగుసుకోవడం చూస్తున్నాను. స్నానాలగది గుర్తొచ్చింది. దేవుడా, మళ్ళీ వద్దు.

ఓబులేసు వాళ్ళది గొర్రెలు కాసే ఇల్లు. మందతో పాటు ఒక గుర్రాన్ని పెంచి పెళ్ళి ఊరేగింపులకు తిప్పుతాడు. ఊరి బయట, మైలవరం దోవలో. ఆయన మందతో పోయి ఉన్నాడు, భార్య లక్షుమ్మ ఉంది. గుర్రప్పిల్ల అప్పటికే కడుపునిండా తాగి ఎండలో పడుకుని ఉంది, మగది. ఎంత బాగుందో, చూడలేకపోయాను.

చెప్పింది విని లక్షుమ్మ తల అడ్డంగా ఊపింది. "పురుడు తీరందే పాలు గడప దాటగూడదు తల్లీ. నేను ల్యాననడంల్యా. మా పిల్లకు చేటు."

ఏం చెప్పాలి? డాక్టరు మాటలన్నీ ఆమెకు చెప్పి ఏం లాభం? చేతులు పట్టుకున్నాను. "పోయినేడు ఒకదాన్ని పూడ్చినామక్కా" అన్నాను. అంతే.

లక్షుమ్మ క్యాను మూత మీది కుంకుమ చూసింది. "ఆడదా మగదా?"

"ఆడది."

లోపలికి పోయి పొయ్యిలోంచి ఒక బొగ్గుముక్క తెచ్చింది. నల్లదారంతో క్యాను పిడికి కట్టింది. "పురుటింటి నుంచి పురుటింటికే పోతాంది. బయటికి పోయినట్టు గాదులే" అంది. నాకు కాదు, తన గుర్రంతో అంది. కూర్చుని తానే పిండింది. గొర్రెల్ని పిండిన చెయ్యి, గుర్రం తల కూడా తిప్పలేదు. పసుప్పచ్చని పాలు, జిగురు జిగురుగా. నెయ్యి కరుగుతున్నప్పటి రంగు. బయలుదేరుతుంటే గొర్రెపిల్లలకు పాలు తాపే సీసా ఒకటి చేతిలో పెట్టింది. "రబ్బరు మెత్తంది. దీంతో తాపు. కొంచిం కొంచిం."

దారంతా క్యాను ఒళ్ళో పెట్టుకున్నాను. ముద్దనూరు దగ్గర గతుకులొస్తే ఈయన జీపును నడిపించినట్టు నడిపారు. అప్పుడు నోరు విప్పారు. "ఒలకలేదు గదా?"

"లేదు."

మేం చేరేసరికి ఇంకా పొద్దుంది. అత్త ఫోన్ పెట్టిన వెంటనే తాడు విప్పేసిందట. మాబుసాబు నమాజు నుంచి వచ్చి, పిల్లను పొదుగు కిందికి పట్టి నిలబెట్టాడట. అది తాగడం మొదలుపెట్టాకే రాణి మాయ పడింది. మాబుసాబు దాన్ని పరిచి చూసి, చిరుగు లేదు, మొత్తం వచ్చేసిందన్నాడు.

పిల్ల ముదురు ఎరుపు. ఎడమ వెనకకాలికి తెల్లమేజోడు. కాళ్ళు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు ఊగుతోంది. సీసా నోట్లో పెడితే మొదట నాలుకతో తోసేసింది. మాబుసాబు వేలికి పాలు రాసి నోట్లో పెట్టాడు. ఒకసారి చప్పరించింది. ఇంకోసారి. తర్వాత సీసా లాక్కుంది!

ఈయన కొట్టం గుంజకు ఆనుకుని చూస్తున్నారు. ఏడాది తర్వాత లోపలికి వచ్చారు.

కొంచెం కొంచెంగా తాపాం. డాక్టరు వచ్చి సూది వేశాడు. పాలు టైముకే పడ్డాయి, కానీ జ్వరమూ కీళ్ళ వాపూ చూసుకోవాలి, కొన్ని వారాలు గడిస్తేగానీ చెప్పలేనన్నాడు. వాకిట్లో అత్త నిలబడి అంతా వింటోంది. నెమ్మదిగా అడిగింది.

"అంటే... ఎనుము దూడలకు గూడా అంతేనా నాయనా?"

"అన్నిటికీ అంతే అవ్వా. పుట్టంగానే తాపాల్సిందే."

ఏడాదికో దూడ పారుకుని పోయేది మా కొట్టంలో. దాని రాత అనుకునేవాళ్ళం.

ఫిబ్రవరి 21

తాగుతోంది. నల్లటి మొదటి పేడ వేసింది. ఒక పేడకు ఇంత సంబరపడతానని ఎవరన్నా చెప్పి ఉంటే కొట్టి ఉండేదాన్ని.

అత్త అన్నం తినలేదు. "కడుపులో బాగలేదు" అంది. నేను పిలవాల్సింది. పిలవలేదు.

ఫిబ్రవరి 23

పాలు పితికి, ఎనుముకు కుడితి పెట్టి, అత్త సంచి సర్దుకుంది. పులివెందులలో కూతురి ఇంటికట.

"కొన్నాళ్ళు ఆడుంటాలే. ఈడ నా పని ఏముంది?"

ఈయన నా వైపు చూశారు. నేను పిల్ల వైపు చూశాను. బస్సు దాకా ఈయనే దింపి వచ్చారు. చంపేస్తివి అన్న మాట నాది. అది ఆమె సంచిలోనే పోయింది. కోపం ఇంకా ఉంది నాకు, అబద్ధం ఎందుకు? కోపం ఉన్నా ఇల్లు బోసిగా ఉంది.

ఫిబ్రవరి 26

పిల్ల ఒంటికి చెయ్యి వేస్తే కాలుతోంది. ముందరి కుడి మోకాలు వాచింది. తల్లి దగ్గరికి పోయి నిలబడుతుంది, తాగదు. రాణి మూతితో తోస్తుంది. తోసి తోసి, నా వైపు చూస్తుంది.

డాక్టరు వచ్చాడు. సూదులు రెండు పూటలా. ముర్రుపాలు సగమే అందినట్టుంది, మిగతాది దాని గట్టితనం అన్నాడు. రక్తం తీసి పరీక్షకు పంపాడు.

ఈయన చీనీతోటకు నీళ్ళు వదలడం మరిచిపోయారు.

ఫిబ్రవరి 27

అలాగే ఉంది.

ఫిబ్రవరి 28

అలాగే. సీసాతో పాలు. మాబుసాబు ఉపవాసంతోనే కూర్చుని మోకాలికి కాపడం పెడుతున్నాడు. "దువా చేస్తాండానమ్మా. నువ్వు గూడా నీ దేవునికి జెప్పు. ఇద్దరికీ జెప్తే ఒకరన్నా ఇంటారు." నవ్వొచ్చింది. ఎన్ని రోజులైందో నవ్వి.

సాయంత్రం ఆడబిడ్డ ఫోన్. "అమ్మ గుడికి పోయి, నీ గుర్రప్పిల్లకు మొక్కుకోనొచ్చింది వదినా. నీకు చెప్పొద్దనింది." అత్తకు ఫోన్ ఇమ్మన్నాను. పడుకుందట. సాయంత్రం పూట పడుకుంటుందా ఆమె?

మార్చి 2

చల్లబడింది! తెల్లవారి చెయ్యి వేస్తే చల్లగా ఉంది. నమ్మలేక చెంప ఆనించి చూశాను. అప్పుడే అది నా చెవి పట్టి చప్పరించింది. అది చన్ను కాదే పిచ్చిదానా!

తల్లి కిందికి దూరి తాగింది, పొదుగును తలతో పొడుస్తూ. రాణి వెనక్కి తిరిగి దాని వీపు నాకుతోంది. నేను తవుడు బస్తా మీద కూర్చుని ఏడ్చాను. నీళ్ళు వదిలిపెట్టుకోవాల్సిన అవసరం నాకు లేదు, ఎవరికి కనబడితేనేం.

మార్చి 4

వాపు తగ్గింది. రక్తపరీక్ష పరవాలేదట. బొటాబొటీగా ఉంది, కానీ ఉంది. డాక్టరు గొంతులో కూడా ఊపిరి వచ్చింది.

ఈయన పేరు పెట్టారు: మెరుపు. నడవడానికి ఇంకా తడబడేదానికి మెరుపేంటండీ అంటే, "పెద్దయినంక జూడు" అన్నారు. పెద్దయినంక అన్నారు! ఇచ్చేస్తానన్న మనిషి.

మార్చి 6

చీనీచెట్ల మధ్య దున్నిన చాళ్ళలో వదిలాం. మొదట తల్లి డొక్కకు అంటుకునే నడిచింది. ఉన్నట్టుండి నాలుగు కాళ్ళూ ఒకేసారి గాల్లోకి. ఎందుకు ఎగిరిందో దానికే తెలియదు. కింద పడింది. లేచింది. మళ్ళీ ఎగిరింది. డ్రిప్పు పైపు ఒకటి పీకేసింది. పీకనీ.

మార్చి 8

లక్షుమ్మ వీడియో కాల్ చేసింది. ముందు ఆమె చెవి, తర్వాత ఆకాశం, ఆ తర్వాత వాళ్ళ మగపిల్ల కనబడ్డాయి.

"యాదీ, మా పాప యాది? సూపించు."

చూపించాను. చాలాసేపు చూసింది. "మా వాని పాలు దాగింది గదా. చెల్లెలైతాది. రేపు పెండ్లి సంబంధానికి రావద్దండి మల్ల" అని పడీపడీ నవ్వింది. వాళ్ళ పిల్లకు ఏ చేటూ జరగలేదు. నాకు లోపల ఆ భయం కూడా ఉండింది. ఈరోజు దిగింది.

ఫోన్ పెట్టాక అత్తకు చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఎత్తింది.

"అత్తా, పిల్ల ఎగురుతాంది."

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు.

"ఎనుము పాలు తగ్గించింది. నా చేతికి సేపడం ల్యా."

"దానికి కుడితిలో బెల్లం ముక్క ఏస్తే సేపుతాది" అంది. పెట్టేసింది.

రమ్మని నేను అనలేదు. అనాల్సింది. ఎనుము గురించి మాట్లాడడం తేలిక.

మార్చి 10

చుక్క ఉలవలు వదిలేసింది. చుక్క! ఉలవలు!

చన్నుల కొనల మీద మైనం. ఈసారి నా కళ్ళతో చూశాను. ఇక తోట దాటేది లేదు, ఎవరి గృహప్రవేశమైనా సరే.

అత్తకు ఫోన్ చేశాను. ఈసారి ఎనుము మాట ఎత్తలేదు. "చుక్క దగ్గరికొచ్చింది. నువ్వు రా అత్తా" అన్నాను.

"నా చెయ్యి మంచిది గాదులేమ్మే."

"ఆ మాట అన్నది నేను. నీ చేతిని గాదు, కోపంలో నా నోరు అట్ల బోయింది. నువ్వు లేకుంటే నాకు భయంగా ఉండాది."

"సూద్దాంలే" అంది. మా అత్త సూద్దాం అంటే రావడమూ కావచ్చు, రాకపోవడమూ కావచ్చు. ఇన్నేళ్ళ కాపురంలో ఇంకా తెలుసుకోలేకపోయాను.

మార్చి 11

రాలేదు.

మెరుపు నా కొంగు నములుతోంది. ఇది మూడో చీర.

మార్చి 12

మధ్యాహ్నం. కొట్టం బయట, గోనెపట్టా మీద కూర్చుని రాస్తున్నాను. చుక్కకు మెడ కింద చెమటలు. పడుకుంటుంది, లేస్తుంది, డొక్క వైపు తిరిగి చూసుకుంటుంది. డాక్టరు పులివెందులలో బయలుదేరానన్నాడు. మాబుసాబు లోపల, తోకకు గుడ్డ చుడుతున్నాడు. ఈయన నీళ్ళు కాస్తున్నారు, ఎందుకని అడిగితే చెప్పలేకపోయారు.

లింగాల నుంచి ఆటో ఒకటి వచ్చి చీనీతోట మలుపులో ఆగింది. అత్త. సంచితో ఇంట్లోకి పోలేదు, నేరుగా ఇటే వచ్చింది. మెరుపు దగ్గర ఆగింది. అది ఆమె చేతిని వాసన చూసింది. ముట్టుకోలేదు అత్త. చూసి చూసి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

కొట్టం గడప దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు.

"రా అత్తా."

కదల్లేదు. లోపల చుక్క ఒక్కసారి మూలిగింది. నీళ్ళు దిగాయమ్మా అని మాబుసాబు కేక.

అత్త సంచి కింద పెట్టింది. తొట్టి దగ్గరికి పోయి మోచేతుల దాకా చేతులు కడుక్కుంటోంది. కడుక్కుని, తడిచేతులు ముందుకు చాపి నా ముందు నిలబడింది. ఎనుముల కొట్టంలో ఇన్నేళ్ళూ నాకు చెప్పిన మనిషి...

"నువ్వు జెప్పు మే. బయటపడంగానే తాపాలనా?"

"పడంగానే అత్తా."

"మాయ పడకపోయినా?"

"పడకపోయినా."

తల ఊపింది. లోపలికి పోయింది. నేనూ పోతున్నాను, ఇక రాయను...